డాక్టరుగారి చక్కర్లు

పశువుల డాక్టరుగారు భోజనాల బల్ల చుట్టూ తిరుగుతున్నారు. కుర్చీలన్నీ గోడవారకి జరిపేశారు. మెడలో స్టాప్‌వాచీ వేలాడుతోంది. బల్ల చివర ఉప్పు సీసా ఉంది, కిటికీ పక్కన స్టాండు ఫ్యాను హోరుమంటోంది. ఉప్పు సీసా పక్కకి వచ్చినప్పుడల్లా ఆయన వాచీ నొక్కి, కుడివైపు తిరిగి, బల్ల అవతలి నుంచి వెనక్కి నడిచి, మళ్ళీ కుడివైపు తిరిగి ఆ సీసా దగ్గరికే వస్తున్నారు. అరవై దాటిన మనిషి, ఎంత పొగరుమోతు గుర్రాన్నైనా ఒక్క కేకతో నిలబెట్టే మనిషి, సొంత ఇంట్లో ఇలా గానుగెద్దులా తిరుగుతుంటే చూడ్డానికి వింతగానే ఉంది.

"నాతో బజారుదాకా రమ్మంటే మోకాళ్ళు పట్టేస్తాయి. బల్ల చుట్టూ మాత్రం పొద్దుట్నుంచీ తిరుగుతూనే ఉన్నారు," అంది ఇల్లాలు గుమ్మంలో నిలబడి.

"మాట్లాడించకు. లెక్క తప్పుతుంది."

"అయితే ఆగి మాట్లాడండి."

"విమానం ఆగదు," అన్నారు డాక్టరుగారు, ఆగకుండానే.

ఆ మాట మాత్రం నిజం. దారి తెలియకపోతే కారుని పక్కకి తీసి నిలబెట్టుకోవచ్చు. విమానాన్ని మబ్బుల్లో నిలబెట్టే ఉపాయం ఇంకా ఎవరూ కనిపెట్టలేదు. కింద రన్‌వే ఖాళీ లేదనుకోండి, పైనున్నవాణ్ణి కాసేపు ఆగమనాలి. వాడు ఆగలేడు. అందుకని నేలమీద ఉన్న ఒక రేడియో బీకన్‌ని, అంటే సంకేతాలు పంపే స్తంభాన్ని, గురుతు పెట్టుకుని, సాగదీసిన సున్నాలా దాని పక్కన చక్కర్లు కొట్టమంటారు. దాన్నే హోల్డింగ్ అంటారు. ఒక నిమిషం బీకన్ వైపు, ఒక నిమిషం తిరగడానికి, ఒక నిమిషం దూరంగా, ఒక నిమిషం మళ్ళీ తిరగడానికి. వినడానికి ఇంతే. కానీ బయట తెల్లటి మబ్బు తప్ప ఏమీ కనపడదు, గాలి విమానాన్ని పక్కకి తోసేస్తూ ఉంటుంది, తోసినట్టు ఒంటికి తెలియదు. ఎదురుగా ఉన్న మీటర్ల ముళ్ళనీ, గడియారాన్నీ నమ్ముకుని లెక్క కట్టుకోవాలి. నేర్చుకునేవాళ్ళకి తల ప్రాణం తోకకొచ్చేది ఇక్కడే.

ఈ బల్ల చుట్టూ నడిపించే పద్ధతి డాక్టరుగారి కూతురిది. ఫ్లయింగ్ క్లబ్బులో ఆమె ఇన్‌స్ట్రక్టరు. అక్కడ అందరూ మేడమ్ అంటారు, ఇంట్లో చిట్టి. ముందు కాళ్ళకి అలవాటైతే తర్వాత చేతులకి వస్తుందని ఆమె నమ్మకం. ఉప్పు సీసా బీకన్, ఫ్యాను గాలి. ఫ్యాను గాలి ఎటు నుంచి తగిలితే అటు ఒరిగి నడవాలి. ఆమె దగ్గర నేర్చుకున్నవాళ్ళంతా ఏదో ఒక బల్ల చుట్టూ తిరిగినవాళ్ళే.

డాక్టరుగారికి చిన్న విమానం ఒకటి ఉంది. నలుగురు కూర్చోవచ్చు. అందులో ఎక్కువగా మందుల పెట్టెలూ, గడ్డివాసనా ఉంటాయి. నీళ్ళకి అవతలా కొండల వెనకా ఉన్న పశువులశాలలకి అందులోనే వెళ్ళి వస్తుంటారు. ఆకాశం తేటగా ఉన్నంతవరకూ ఫరవాలేదు. మబ్బు దిగితే ఆయన లైసెన్సు పనికిరాదు. మొన్న వానల్లో ఒక ఆవు ఈనలేక అవస్థ పడుతోందని ఫోనొచ్చింది. మబ్బు విడుస్తుందేమోనని ఆయన కిటికీ దగ్గరే కూర్చున్నారు. విడిచేసరికి తల్లీ లేదు, దూడా లేదు. ఆ మర్నాడే కూతురి దగ్గరికి వచ్చి, మబ్బులో నడపడం నేర్పమన్నారు.

నేర్పింది. ఆయన శ్రద్ధగానే నేర్చుకున్నారు. క్లబ్బులో అడుగుపెట్టాక ఆమెని "మేడమ్" అనాలని తనకి తానే ఒక నియమం పెట్టుకున్నారు. విమానంలో మరీ వినయం. "చిత్తం మేడమ్, ఎత్తు చూస్తున్నాను మేడమ్" అంటుంటే చిట్టికి నవ్వు ఆపుకోవడం కష్టమయ్యేది. పక్క సీట్లో కూర్చుని, ఆ నెరిసిన చెవుల మీద హెడ్‌సెట్టు చూస్తే ఒక్కోసారి పాఠం మర్చిపోయి, ఈయన మా నాన్న అని ఊరికే సంతోషం కలిగేది.

ఇక మిగిలింది సంతకం. ఇన్‌స్ట్రక్టరు సంతకం పెడితేగాని పరీక్షకి కూర్చోనివ్వరు. పరీక్ష పాసైతే ఆయన్ని ఆపేవాళ్ళు ఉండరు. మర్నాడే ఒంటరిగా మబ్బులోకి వెళ్ళిపోతారు. చిట్టి చెయ్యి అక్కడే ఆగిపోయింది.

ఎందుకంటే డాక్టరుగారికి ఒక గుణం ఉంది. ప్రాణం పోయినా దారి అడగరు. పెళ్ళైన కొత్తలో చుట్టాలింటికని బయల్దేరి, ఊరంతా తిప్పి, చివరికి భోజనాలయ్యాక చేరుకున్న వైనం ఇల్లాలు ఇప్పటికీ వచ్చినవాళ్ళందరికీ చెబుతుంది. రోడ్డు పక్కన మనిషి కనపడితే ఆయన కారు వేగం పెంచుతారు. అడిగితే, "తెలుసు. అటునుంచి అయితే గాలి బాగుంటుందని ఇలా వచ్చాను" అంటారు. కారులో అది నవ్వులాట. మబ్బులో కాదు.

పోయిన వారం అదే జరిగింది. హోల్డింగ్‌లో ఉండగా ఆయనకి లెక్క తప్పింది. ఎటున్నారో తెలియలేదు. ఆ సంగతి చిట్టికి తెలుసు, ఆమెకి తెలుసని ఆయనకీ తెలుసు. అయినా నోరు మెదపకుండా, ఈల వేస్తూ, అటొకసారి ఇటొకసారి తిప్పి, అదృష్టం బాగుండి బీకన్ మీదకి వచ్చారు.

"మధ్యలో ఏమైంది?" అని అడిగింది దిగాక.

"గాలి ఎలా ఉందో చూశాను మేడమ్."

"నాన్నా. దారి తప్పావా లేదా?"

"చివరికి వచ్చానా లేదా?"

"తప్పడం తప్పు కాదు. అందరం తప్పుతాం. తప్పావని నోటితో చెప్పి, కిందనున్న కంట్రోలర్లని అడగాలి. వాళ్ళున్నది అందుకే. నువ్వు అడగవు. అందుకే నేను సంతకం పెట్టను."

"పెట్టవా?"

"పెట్టను."

అంతే. ఇంటికి వెళ్ళాక డాక్టరుగారు మొహం గంటు పెట్టుకుని కూర్చున్నారు. కూతురితో నేరుగా మాటల్లేవు. "పేపరు చదివేశారేమో మేడమ్‌గారిని అడుగు" అని భార్యకి చెబుతారు. మేడమ్‌గారు ఆ పక్క కుర్చీలోనే ఉంటుంది. మూడోనాటికి ఇల్లాలికి విసుగొచ్చింది.

"మీ ఇద్దరి మధ్యా నేను టెలిఫోను స్తంభాన్నా?" అంది. తర్వాత వంటింట్లోకి వచ్చి కూతురితో గొంతు తగ్గించి, "పెట్టరాదుటే ఆ సంతకం? పసిపిల్లాడిలా అయిపోయాడు మనిషి" అంది.

"అమ్మా, నేను పెట్టి ఆయనకేమైనా అయితే?"

ఆవిడ గరిటె చేతిలోకి తీసుకుంది. "అయితే పెట్టకు," అని స్టవ్వు వైపు తిరిగింది.

ఆ రాత్రి భోజనాల దగ్గర చిట్టే ఒక మెట్టు దిగింది. రేపు మబ్బుంటుందట, నిజం మబ్బులో ఒకసారి వెళ్దాం, చూసి అప్పుడు చెబుతాను అంది. డాక్టరుగారు తలెత్తి, ఇన్ని రోజుల అలకా మర్చిపోయి, "ఎన్నింటికి రమ్మంటారు మేడమ్?" అన్నారు. తెల్లవారగానే మళ్ళీ బల్ల చుట్టూ నడక మొదలైంది.

ఫ్లయింగ్ క్లబ్బు క్యాంటీన్‌లో గోడమీద ఒక స్పీకరు ఉంటుంది. కంట్రోలరూ విమానాలూ మాట్లాడుకునేదంతా అందులో వినిపిస్తుంది. పనిలేనివాళ్ళూ, పని ఎగ్గొట్టినవాళ్ళూ దాని కింద చేరి, కాఫీ తాగుతూ, ఎవరు తడబడ్డారో, ఎవరు ఏ మాట తప్పు పలికారో ఏరుతుంటారు. ఒకరి తప్పు సాయంత్రానికి అందరి నోటా నానుతుంది. కోడిగుడ్డుకి ఈకలు పీకడంలో వాళ్ళని మించినవాళ్ళు లేరు. ఆ మధ్యాహ్నం డాక్టరుగారు విమానం దగ్గరికి నడుస్తుంటే కిటికీలోంచి నలుగురు చేతులూపారు. ఆయనా దర్జాగా చెయ్యి ఊపారు.

మబ్బు తక్కువ ఎత్తులోనే మొదలైంది. విమానం అందులోకి దూరగానే ప్రపంచం తెల్లగా అయిపోయింది. రెక్క చివర కూడా సరిగా కనపడటం లేదు. డాక్టరుగారు బాగానే నడిపారు. వెళ్ళాల్సిన చోటికి వెళ్ళి, వెనక్కి తిరిగి, దిగడానికి వస్తుండగా కంట్రోలరు పిలిచాడు. ఎవరిదో విమానం రన్‌వే మీద టైరు పేలి కూర్చుందట. తీసేదాకా బీకన్ దగ్గర హోల్డింగ్‌లో ఉండమన్నాడు.

"అలాగే," అన్నారు డాక్టరుగారు. కాస్త హుషారుగా కూడా అన్నారు. ఇన్నాళ్ళ నడకకి ఇదే ఫలితం మరి.

చిట్టి ముందే కంట్రోలరుని అడిగి ఎత్తు ఎక్కువ పుచ్చుకుంది. బీకన్‌కి ఉత్తరాన కొండలున్నాయి, ఆ ఎత్తులో అవి అందవు. ఒళ్ళో ఉన్న టాబ్లెట్‌లో మ్యాప్ మీద తమ విమానం చిన్న బాణంలా కదులుతోంది. తండ్రికి కనపడకుండా దాన్ని తనవైపు తిప్పుకుంది. అయినా జాగ్రత్తకి అందులో కొండల ముందు ఒక గీత గీసుకుని, బాణం ఆ గీతని తాకితే కంట్రోల్స్ తను తీసుకోవాలని నిశ్చయించుకుంది. తీసుకుంటే ఇక సంతకం మాట ఉండదు.

మొదటిసారి బీకన్ మీదకి చక్కగా వచ్చారు. వాచీ నొక్కారు. కుడివైపు తిరిగారు. బీకన్‌కి దూరంగా వెళ్ళేటప్పుడు గాలికి ఎదురొడ్డి ఒక పక్కకి ఒరగాలి. ఆయన కుడివైపు ఒరిగారు.

ఆవేళ గాలి ఎడమవైపు నుంచి కొడుతోంది. బయల్దేరేముందు ఆయనే ఆ సంగతి పైకి చదివారు. మరి కుడికి ఎందుకు? మ్యాప్‌లో బాణం ఏటవాలుగా ఉత్తరానికి జారుతోంది. గాలీ అటే తోస్తోంది, ఈయనా అటే పోతున్నారు.

అప్పుడు వెలిగింది ఆమెకి. ఫ్యాను! ఇంట్లో బల్ల దగ్గర పనిచేసే ప్లగ్గు ఒక్కటే ఉంది, కిటికీ పక్కన. అందుకని ఫ్యాను ఎప్పుడూ అక్కడే. ఉప్పు సీసాకి దూరంగా నడిచేటప్పుడు గాలి ఎప్పుడూ కుడిచేతి వైపు నుంచే. ఇన్ని వారాలూ ఆయన కుడికి ఒరిగి నడిచారు. ఇప్పుడు నడుపుతున్నది ఈ ఆకాశంలో కాదు, తమ భోజనాల గదిలో. ఆ ఫ్యానుని అక్కడ పెట్టింది తనే. ఒక్కసారి కూడా రెండో వైపు మార్చాలని తోచలేదు. గొప్ప పద్ధతి అని మురిసిపోయింది.

నిమిషం అయింది. డాక్టరుగారు మళ్ళీ కుడికి తిరిగారు. తిరిగాక బీకన్ దారి చూపే ముల్లు మధ్యకి రావాలి. రాలేదు. కుడి అంచుకి వెళ్ళి కూర్చుంది. నువ్వు ఉండాల్సిన దారి కుడివైపు ఉంది నాయనా అని చెబుతోంది అది. ఇంట్లో అయితే ఉప్పు సీసా వైపు నడిచేటప్పుడు ఫ్యాను గాలి ఎడమ నుంచి వస్తుంది. అందుకని ఆయన ఎడమకి ఒరిగారు. ముల్లు కదల్లేదు. ఇంకాస్త ఎడమకి ఒరిగారు.

ఒక్క మాట చాలు. "గాలి అటు నుంచి, నాన్నా" అంటే చాలు. ఆ మాట చిట్టి నాలుక చివరిదాకా వచ్చింది. పళ్ళ బిగువున ఆపుకుంది. ఈవేళ తను చెబుతుంది, రేపు ఎవరు చెబుతారు? చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చుంది. బాణం గీత వైపు పోతూనే ఉంది.

డాక్టరుగారు ఈల మొదలుపెట్టారు. ఆ ఈల వింటే ఆమెకి ఏడుపొచ్చింది. అంటే ఆయనకి తెలుసు. తప్పానని తెలుసు. ఇక అడగరు.

ఈల సగంలో ఆగిపోయింది.

"చిట్టీ," అన్నారు ఆయన.

విమానంలో ఆయన ఆమెని ఆ పేరుతో పిలవడం అదే మొదటిసారి. నుదుటిమీద చెమట కనపడుతోంది. కళ్ళు ముల్లు మీదే ఉన్నాయి.

"దారి తప్పానమ్మా. ఎటున్నానో తెలియడం లేదు."

"నన్ను కాదు నాన్నా," అంది చిట్టి. "వాళ్ళనడుగు. రేపు నేనుండను."

ఆయన బొటనవేలు రేడియో మీట మీద పెట్టారు. వెంటనే నొక్కలేదు. ఆ వేలు కింద క్యాంటీన్ మొత్తం ఉంది. కాఫీ కప్పులూ, ఎత్తిన చెవులూ, సాయంత్రం నవ్వులూ. బాణానికీ గీతకీ మధ్య వేలెడు జాగా మిగిలింది. చిట్టి చేతులు బయటికి తీసింది.

ఆయన మీట నొక్కారు. విమానం నంబరు చెప్పి, "హోల్డింగ్‌లో దారి తప్పాను. ఎక్కడున్నానో నాకు తెలియడం లేదు. ఎటు తిరగాలో చెప్పండి" అన్నారు. దాపరికం లేకుండా, ప్రతి మాటా విడివిడిగా అన్నారు.

"కుడివైపు తిరిగి దక్షిణంగా రండి," అన్నాడు కంట్రోలరు తక్షణం. "మీరు నాకు కనపడుతున్నారు. కాస్త ఉత్తరానికి జరిగారు, అంతే. తొందరేం లేదు, డాక్టరుగారూ."

అతని పిల్లికి కాలు విరిగితే కట్టు కట్టింది ఈయనే.

విమానం కుడికి తిరిగింది. గీత వెనక్కి జరిగింది. ముల్లు నెమ్మదిగా, తనకేమీ పట్టనట్టు, మధ్యకి వచ్చింది. డాక్టరుగారు దాన్ని చూసి, గాలి చూపే అంకెని చూసి, ఒక్కసారిగా, "ఛ! గాలి అటు నుంచి కదూ!" అన్నారు. తర్వాతి చక్కరు సరిగ్గా కొట్టారు. దాని తర్వాతిది ఇంకా బాగా కొట్టారు. ఈలోగా టైరు పేలిన విమానాన్ని పక్కకి లాగేశారు, వీళ్ళని దిగమన్నారు.

నేలమీద ఇంజను ఆపాక ఇద్దరూ కదలకుండా కూర్చున్నారు. ముందు అద్దం మీద సన్నటి తుంపర పడుతోంది.

"ఫ్యాను తప్పు నాది," అంది చిట్టి. "ఇంటికెళ్తూ పొడుగు వైరు కొని రెండో పక్కకి మారుద్దాం. పరీక్షలోపల అలవాటైపోతుంది."

ఆయన తలూపారు. మనసు అక్కడ లేదు.

"క్యాంటీన్‌లో వినే ఉంటారు," అన్నారు.

"వినే ఉంటారు."

"నవ్వుతారు."

"నవ్వనీ నాన్నా."

"వాళ్ళ సంగతి కాదులే." ఆయన హెడ్‌సెట్టు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. "నీకు నాలుగైదేళ్ళుంటాయి. నేను పశువుల్ని చూడ్డానికి వెళ్తుంటే వస్తానని పేచీ పెట్టేదానివి. వచ్చేటప్పుడు వెనక సీట్లో పడి నిద్రపోయేదానివి. అప్పట్లో రోడ్లు నాకేం తెలుసు? ఎన్నిసార్లు తప్పానో లెక్కలేదు. కారాపి ఎవర్నైనా అడుగుదామంటే, ఆ మాటలకి నువ్వు లేస్తావు. లేచి, నాన్నకి దారి తెలీదట అనుకుంటావు. బెంబేలు పడతావు. అందుకని తెలిసినట్టే పోయేవాణ్ణి. ఎక్కడో ఒకచోట తెలిసిన రోడ్డు తగిలేది. అలా అడక్కపోవడం అలవాటైపోయిందమ్మా. ఇవాళ కూడా నువ్వు పక్కన కూర్చునుంటే నోరు రాలేదు."

చిట్టి ఆయన మొహంలోకి చూసింది. ఇన్నేళ్ళూ దాన్ని పొగరనుకుంది. ఇంటిల్లిపాదీ పొగరనే నవ్వుకున్నారు. ఆ చుట్టాలింటి కథకి తనూ ఎన్నోసార్లు నవ్వింది. ఆయన మీద జాలీ, ప్రేమా ఒకేసారి ముంచుకొచ్చి కళ్ళు నిండిపోయాయి.

"నేను నిద్రపోయేదాన్ని కాదు నాన్నా," అంది.

"ఆఁ?"

"అదే పెట్రోలు బంకు మూడోసారి వచ్చేసరికి నాకు తెలిసిపోయేది. కళ్ళు గట్టిగా మూసుకుని పడుకునేదాన్ని."

"మరి లేవలేదేం?"

"లేస్తే నువ్వు చిన్నబుచ్చుకుంటావని."

డాక్టరుగారు అద్దం తుడవాల్సిన అవసరం లేకపోయినా లోపలివైపు నుంచి అరచేత్తో తుడిచారు.

"భయం వేసేది కాదూ?" అని అడిగారు చివరికి.

"వేసేది. కానీ ముందు సీట్లో నువ్వున్నావుగా."

క్యాంటీన్ తలుపు తీసుకుని ఎవరో గొడుగుతో ఇటే వస్తున్నారు. చిట్టి కళ్ళు తుడుచుకుని, ఆయన లాగ్‌బుక్కు తీసి మోకాలి మీద పెట్టుకుంది. సంచిలో పెన్ను వెతికింది.

"పరీక్ష పాసయ్యాక నేనొక్కణ్ణే మబ్బులోకి వెళ్తానుగా. నీకు భయం వేస్తుందా?" అన్నారు ఆయన.

"వేస్తుంది," అంది చిట్టి, సంతకం పెడుతూ.